హాల్లోంచి బల్ల దగ్గరకు చేరిన కంచం

గత వేసవిలో చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు రక్తచక్కెరను చూపే లెక్క) 6.2 శాతం అని వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందరి మెట్టు కిందే లెక్క కాబట్టి, డాక్టరు గారు నా తిండి గురించి ఆరా తీస్తూ ముందు రోజు రాత్రి ఏం కూర తిన్నారని అడిగారు. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. పక్కనే ఉన్న మా ఆవిడ అందుకుని, "బీరకాయ కూరండీ, రెండోసారి కూడా వేయించుకున్నారు" అని చెప్పింది. ఆ రాత్రి చూసిన ఐపీఎల్ మ్యాచ్‌లో చివరి ఓవర్ ఎవరు వేశారో మాత్రం నేను తడుముకోకుండా చెప్పగలను.

కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని, ధ్యాస తెర మీద ఉంటే తిన్నది సరిగా గుర్తుండక తరువాత కూడా చిరుతిండి వైపు చేయి పోతుందని ఆయన వివరించారు. భోజనాల వేళ టీవీ కట్టేయాలని ఆ సాయంత్రమే నిర్ణయించాను కానీ, అది ఒక్క రోజు కూడా సాగలేదు. "ఒరేయ్, నా సీరియల్ ఆపేసి మీరు పెట్టే అన్నం నాకు ఒంటబట్టదురా" అని అమ్మ కంచం పక్కకు జరిపేసింది. ఏడున్నరకే తినేసి తొమ్మిదింటి దాకా సీరియళ్లు చూసుకునే మనిషి ఆమె. జబ్బు నాది, శిక్ష ఆమెకు వేయడం నిజంగానే అన్యాయం.

అందుకని టీవీని వదిలిపెట్టి మా కంచాలనే కదిలించాము. వంటింటి పక్కనున్న భోజనాల బల్ల మీద ఇస్త్రీ బట్టలు, పాత పేపర్లు, మందుల అట్టలు ఎన్నేళ్లుగా పేరుకున్నాయో, ఖాళీ చేయడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. మొదటి వారమంతా నరకం. మాటలు దొరక్క ఎనిమిది నిమిషాల్లో భోజనం ముగిసిపోయేది. చెవులు హాల్లో, ఎడమచేయి ఫోను మీద. ఫోన్లు పడకగదిలో ఛార్జింగుకు పెట్టి రావాలని నియమం పెట్టుకుంటే ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి అలిగాడు. రెండేళ్ల లోపు పిల్లలకు తెరలే చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, కార్టూన్లు పెట్టి వాడికి గోరుముద్దలు తినిపించినది మేమే కనుక గట్టిగా మందలించే నోరు నాకు లేకపోయింది.

రెండో వారంలో నాకు తెలిసివచ్చింది ఒకటుంది. టీవీ ముందు కూర్చున్న రోజుల్లో, ముద్ద కలిపి పట్టుకుని అలాగే ఉండిపోవడం వల్ల వేళ్లకు అంటిన మెతుకులు ఎండి పెళుసుబారేవి. చెయ్యి కడుక్కునేటప్పుడు గోటితో గీకవలసి వచ్చేది. ఇప్పుడు చెయ్యి తడారకముందే పప్పు, కూర, చారు, పెరుగు వరుసగా ముగుస్తున్నాయి. మారు అన్నం అడిగే ముందు వద్దులే అనిపించడం కూడా అప్పుడే మొదలైంది.

మూడు నెలల తరువాత పరీక్షలో 5.9 వచ్చింది. సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఘనతంతా బల్లదేనని అనను. ప్రపంచకప్ మ్యాచ్ ఉన్న రాత్రి కంచంతో సహా హాల్లోకి వెళ్లిన సందర్భాలూ లేకపోలేదు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా అమ్మ లేచి వచ్చి మా బల్ల దగ్గర కూర్చుని, ఆ రోజు సీరియల్లో కోడలు ఏం కుట్ర పన్నిందో చెబుతుంది. మా అబ్బాయి పెరుగన్నం తింటూ అడ్డు ప్రశ్నలు వేస్తాడు; మధ్యలో సంగీతం వినబడగానే మిగతాది రేపు చెబుతానని ఆమె హాల్లోకి పరుగెడుతుంది.