గ్లౌజులు తీసేసిన మిషనరీ: 1 కొరింథీయులకు 9:19-23

మిషనరీ కూటాలు పెడితే చాలు, బైబిల్లోని ఈ వాక్యం వినపడి తీరుతుంది: “ఏ విధముచేతనైనను కొందరిని రక్షింపవలెనని అందరికి అన్నివిధముల వాడనై యున్నాను.” ప్రసంగం సాధారణంగా ఈ ఇరవై రెండో వచనం దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. మూడు వచనాల ముందు అపొస్తలుడైన పౌలు రాసిన మాట మాత్రం ఎవరూ ఎత్తరు: “నేను అందరి విషయము స్వతంత్రుడనై యున్నను ఎక్కువమందిని సంపాదించుకొనుటకై అందరికిని నన్ను నేనే దాసునిగా చేసికొంటిని.” అది చదివినప్పుడల్లా నాకు ఆమీ కార్మైకేల్ గుర్తొస్తుంది. తమిళ దేశంలోని దోనావూరులో పిల్లలకు అమ్మగా మనకు తెలిసిన మిషనరీ కాదు, అంతకు ముందు జపాన్‌లో ఉన్న పాతికేళ్ల అమ్మాయి.

ఆమెది ఉత్తర ఐర్లాండ్. మొదట చైనా వెళ్దామనుకుంది కానీ, ఆరోగ్యం అంతంతమాత్రం అని డాక్టరు ఒప్పుకోలేదు. 1893లో జపాన్ బయలుదేరింది. షిమోనోసెకిలో దిగేసరికి ఒకటే గాలివాన, ఎదురు రావలసినవాళ్లు లేరు, భాష ఒక్క ముక్క రాదు. ఆ స్థితిలో ఆమెకు ఏడుపు రాలేదట, నవ్వొచ్చిందట. అక్కడి నుంచి మత్సుయే చేరింది. జపాన్ సముద్రం వైపు, షింజి సరస్సు ఒడ్డున ఉన్న ఊరు అది. బార్క్లే బక్స్టన్ అనే ఆంగ్లికన్ మిషనరీ అప్పటికే అక్కడ పరిచర్య చేస్తున్నాడు.

యవ్వనస్థులు మిషనరీ జీవితం అనగానే పెద్ద సభలూ వేలమందీ ఊహించుకుంటారు. ఆమీ రోజులు అలా గడవలేదు. ఎవరింటికి వెళ్లినా గడప దగ్గరే చెప్పులు విడిచి, చాప పరిచిన నేల మీద మోకాళ్లు మడిచి కూర్చోవాలి. అలవాటు లేని కాళ్లకు అది చిన్న శిక్షేమీ కాదు. తను ఒక మాట అంటే పక్కనున్న దుబాసి మిసాకి సాన్ దాన్ని జపనీస్‌లో చెప్పాలి. అవతలివాళ్లు ఏమన్నారో తెలియాలంటే మళ్లీ మిసాకి సాన్ చెప్పేదాకా ఆగాలి. సొంత దేశంలో ఫ్యాక్టరీ ఆడపిల్లల కూటాలు తనే నడిపిన మనిషి ఇక్కడ పిల్లల్లా నోరు తెరవలేక కూర్చుంది. దాసత్వం అంటే సంకెళ్లే అవసరం లేదు. మాట కోసం ఇంకొకరి మీద ఆధారపడి బతకడం కూడా దాసత్వమే.

ఒక రోజు ఇద్దరూ జబ్బుతో ఉన్న ఒక ముసలామెను చూడడానికి వెళ్లారు. చలి రోజులు. ఆమీ ఇంగ్లీషు బట్టల్లో, చేతులకు బొచ్చు గ్లౌజులతో ఉంది. ముసలామె శ్రద్ధగా వింటోంది. ఇంకాస్త చెబితే విశ్వసిస్తుందేమో అనిపించిన ఆ క్షణంలో ఆమె చూపు ఆ గ్లౌజుల మీద పడింది. అవేమిటని అడిగింది. అంతే, ధ్యాస అటు మళ్లిపోయింది, మాట మళ్లీ దారికి రాలేదు. ఆమీ ఇంటికెళ్లి ఆ బట్టలు తీసేసి కిమోనో కట్టుకుంది. ఇకమీదట అలాంటి చిన్న విషయం కోసం అంత పెద్ద విషయాన్ని పోగొట్టుకోకూడదని తీర్మానించుకుంది.

ఈ సంఘటనను మనవాళ్లు తరచుగా “వేషం మార్చుకుంటే పని జరుగుతుంది” అన్న ధోరణిలో చెబుతుంటారు. నాకు అది రుచించదు. వేషం మార్చి పని జరిపించుకోవడం వ్యాపారస్తులకూ తెలుసు. ఆ గ్లౌజులు ఆమెకు సోకు కాదు, చలి నుంచి కాపాడేవి. వాటిని వేసుకునే హక్కు ఆమెకుంది, పౌలు మాటల్లో చెప్పాలంటే ఆ విషయంలో ఆమె స్వతంత్రురాలు. వదులుకున్నది ఆ హక్కునే. పంతొమ్మిదో వచనం ముందు వచ్చి, ఇరవై రెండోది తరువాత రావడం ఊరికే జరగలేదని నా నమ్మకం.

ఆ ముసలామె వైపు నుంచి కూడా చూడాలి. జపాన్‌లో 1614 నుంచి క్రైస్తవ్యం దేశమంతటా నిషేధం. క్యూషూ ప్రాంతంలో క్రీస్తు బొమ్మను కాలితో తొక్కించి మరీ జనాన్ని పరీక్షించేవారు. ఈ మతం నిషిద్ధమని ఊరూరా బోర్డులుండేవి, వాటిని 1873లో గానీ తీసేయలేదు. అంటే ఆమీ వచ్చేనాటికి ఇరవై ఏళ్లే. ఆ అవ్వ తన జీవితంలో ఎక్కువ భాగం ఆ బోర్డులున్న దేశంలోనే గడిపింది. అలాంటి మనిషి పరాయి దేశపు పిల్లను గుమ్మం లోపలికి రానిచ్చి, యేసు మాట విందంటే, ఆ ఇంట్లో ధైర్యం చేసింది ఎవరు? మన సాక్ష్యాల్లో ఈ ప్రశ్న రాదు. మిసాకి సాన్ పేరు కూడా అరుదుగానే వస్తుంది. నిజానికి అవ్వ విన్న ప్రతి మాటా మిసాకి సాన్ నోట వచ్చిందే.

ఆ తరువాత హిరోసే అనే ఊళ్లో పరిచర్య. అక్కడ మొదట ఒక్క ఆత్మ కోసం ప్రార్థించారు, పట్టు నేసే ఒక యువతి నమ్మింది. తరువాత ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది అని చెబుతారు. ఈ లెక్క మన పత్రికల్లో బాగానే వస్తుంది. నేను దాని దగ్గర ఎక్కువసేపు ఆగను.

1894లో ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. భరించలేని తలనొప్పి. జపాన్ వదలక తప్పలేదు. మనుషుల లెక్కలో అది ఏడాది పైచిలుకు పరిచర్య, మధ్యలో ఆగిపోయిన పని. 1895లో ఆమె బెంగళూరు చేరింది. అప్పట్లో మన తెలుగు ఊళ్లలో మిషనరీ ఆడవాళ్లను దొరసానమ్మ అనేవారు. ఆ పిలుపులో గౌరవమూ ఉంది, దూరమూ ఉంది. తమిళ దేశంలో ఆమీ చీర కట్టింది, అది సాటి తెల్లవాళ్లలో కొందరికి నచ్చలేదు. ఆలయాలకు అప్పగించిన ఆడపిల్లలను దోనావూరులో చేరదీసింది. సెలవు మీద కూడా స్వదేశం వెళ్లకుండా 1951లో ఇక్కడే కన్నుమూసింది. ఆ పిల్లలు ఆమెను దొరసాని అనలేదు, అమ్మా అన్నారు.

ఇరవై మూడో వచనంలో పౌలు ఇంకో మాట కూడా అంటాడు. ఇదంతా చేసేది సువార్తలో వాళ్లతోపాటు తనకూ పాలు, అంటే వాటా, దొరకాలనట. ఇచ్చేవాడినని చెప్పుకోడు, పాలు పంచుకునేవాడినంటాడు. మత్సుయేలో ఆ చలి రోజున ఆ ఇంట్లో పాలు అందుకున్నది ఆమీయేనని నేననుకుంటాను. అందించినవాళ్లలో మంచం పట్టిన ఆ అవ్వ కూడా ఉంది.