బదే మకా స్కా ఒడ్డున

వేసవిలో ఎండ కాస్తే చాలు, మావాడు తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడతాడు. బదే మకా స్కా అమెరికాలో మేముండే మినియాపాలిస్‌లోకెల్లా పెద్ద సరస్సు, దాని చుట్టూ పార్కు, ఒడ్డున మూడు ఇసుక బీచ్‌లు. మేం ఎక్కువగా థామస్ బీచ్‌కి వెళ్తాం. నాకు ఈత రాదు. చిన్నప్పుడు "చెరువు వైపు వెళ్ళావో కాళ్ళు విరగ్గొడతా" అనడమే తప్ప నీళ్ళ గురించి నాకెవరూ ఇంకేం నేర్పలేదు. అందుకని వాడు మునకలేస్తుంటే నేను నడుము లోతు దాకా సల్వార్ తడుపుకుంటూ, వాడికి చేయి అందేంత దూరంలోనే నిలబడతాను. మొదట్లో సిగ్గేసేది కానీ, టెన్షన్ ముందు సిగ్గెంత! వేసవిలో పార్కు వాళ్ళు వారం వారం నీళ్ళు పరీక్ష చేస్తారు, పెద్ద వాన పడ్డాక ఒక్కోసారి ఈ.కొలై బాక్టీరియా ఎక్కువై బీచ్ మూసేస్తారు. ఆ బోర్డు చూసి వాడు మూతి ముడుస్తాడు, నాకు మాత్రం లోపల్లోపల హాయిగా ఉంటుంది (వాడికి చెప్పకండి).

మొన్న మా ఆయన ఫోన్‌లో ఎవరికో "కాల్హూన్ దగ్గరున్నాం" అన్నారు. వెంటనే వీడు అందుకున్నాడు, "నాన్నా, అది పాత పేరు!" నిజమే. బానిసత్వాన్ని సమర్థించిన జాన్ కాల్హూన్ పేరు తీసేసి అక్కడి మూలవాసులైన డకోటా వాళ్ళ పాత పేరునే 2018లో మళ్ళీ పెట్టారు, దాని మీద కోర్టులో కేసు నడిచి 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఆ పేరే నిలబడింది. బదే అంటే సరస్సు, మకా స్కా అంటే తెల్ల నేల అని వాడే మాకు పాఠం చెప్పాడు, ఆయన చేత మూడుసార్లు పలికించి గానీ వదల్లేదు.

ఆ తర్వాత పావుగంటకి నీళ్ళలో ఒక పిల్లాడు వాణ్ణి పేరడిగాడు. మావాడు తన నాలుగక్షరాల పేరులో రెండు మింగేసి మిగిలిన రెండే చెప్పాడు, అవి కూడా ఇంగ్లీషు యాసలో. కడుపులో ఏదో కలుక్కుమంది. కారెక్కే ముందు ఆగలేక అడిగేశాను, సరస్సు పేరు మీద అంత పట్టుదల పట్టావు కదా, మరి నీ పేరు సంగతేంటి అని.

వాడు కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ, "అమ్మా, ఆఫీసులో నిన్నేమని పిలుస్తారు?" అన్నాడు.

నా బ్యాడ్జి మీద ఉన్నది ఒక్కటే అక్షరం. వాడి తడి తువ్వాలు తీసుకుని, అప్పటికే పిండినదాన్ని మళ్ళీ పిండాను.