చిల్లర్ చల్లబడింది, వాల్వులు మార్చాకే

మొత్తానికి ఈ వారం మా అడ్సార్ప్షన్ చిల్లర్ సీఓపీ, అంటే ఇచ్చిన వేడిలో ఎంత వంతు చల్లదనంగా తిరిగొస్తుందనే లెక్క, 0.4 దాటింది. సిలికా జెల్, నీళ్ల జతకి 0.6 వస్తే గొప్పే కాబట్టి నాకిది పండగే. దీనికి కంప్రెసర్ ఉండదు. సోలార్ ట్యూబుల్లో కాగిన 80 డిగ్రీల నీళ్లే నడిపిస్తాయి. చల్లగా ఉన్న జెల్ నీటి ఆవిరిని పీల్చుకుంటుంది, వేడి తగిలితే వదిలేస్తుంది. ఆ పీల్చుడుకి ఎవాపరేటర్ అనే గదిలో నీళ్లు మరిగి చల్లదనం పుడుతుంది.

డిజైన్, ఫిన్లు, సోలార్ కనెక్షన్ సాఫీగానే అయ్యాయి. ఏడిపించింది వాక్యూమ్.

10 డిగ్రీలకే నీళ్లు మరగాలంటే లోపల పీడనం 12 మిల్లీబార్ల దగ్గర ఉండాలి. అంటే బయటి గాలి పీడనంలో ఎనభయ్యో వంతు. కాస్త గాలి దూరినా, ఆవిరి మళ్లీ నీరయ్యే కండెన్సర్‌లో పేరుకుని ఆవిరికి అడ్డం పడుతుంది. అందుకే వాక్యూమ్ వాల్వులే కావాలని రాసిచ్చాను. కొనుగోలు విభాగం వాళ్లు మూడు కొటేషన్లు తెప్పించి, ఎల్-1 (అన్నిటికంటే తక్కువ ధర) పేరు చెప్పి మామూలు బాల్ వాల్వులు తెచ్చి పడేశారు. "వాల్వు వాల్వే కదా బాబూ" అన్నాడు ఆఫీసరు.

రివ్యూ రోజున బయటి నుంచి వచ్చిన పెద్దాయన చల్లనీళ్ల పైపు మీద చెయ్యి పెట్టి, "మా ఇంటి కుళాయి నీళ్లు ఇంతకంటే నయమయ్యా. ఈ గ్రాంటుతో ల్యాబంతా ఏసీలు పెట్టించుకోవాల్సింది" అన్నారు. అందరూ నవ్వారు. మా సార్ కూడా! వాల్వుల సంగతి చెప్పబోతే, "పనిముట్ల మీద నెట్టకు" అని నోరు మూయించారు. ఆ వాల్వులు కొన్న సెక్షన్ ఆయన అక్కడే కూర్చుని సమోసా తింటున్నాడు. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

వాక్యూమ్ నిలవకపోవడానికి కారణం వాల్వుల లీకు కాదు, లోపలి తేమ అని సార్ వాదన. తేల్చడం తేలికే. బెడ్ల (జెల్ నింపిన రెండు గదుల) వాల్వులు మూసి, వాక్యూమ్ పంపు ఆపి, పీడనం రాసుకుంటూ పోవాలి. తేమైతే గ్రాఫ్ గీత కొంత పెరిగి చదునవుతుంది. గాలి దూరుతుంటే తిన్నగా పైకి పోతూనే ఉంటుంది. మాది తిన్నగా పోయింది. పక్క డిపార్ట్‌మెంట్‌ని బతిమాలి హీలియం లీక్ డిటెక్టర్ తెచ్చాం. వాల్వు తిప్పే కాడ దగ్గర హీలియం ఊదగానే మీటర్ గంతేసింది. ఆ ప్రింటవుట్ తీసుకెళ్లి ఆఫీసరు టేబుల్ మీద పెట్టాను. సరైన వాల్వులు అప్పుడొచ్చాయి. మీరు ఇండెంట్ (కొనుగోలు కోరే కాగితం) పెట్టేటప్పుడు లీక్ రేటు అంకెతో రాయండి. 'మంచి నాణ్యత' లాంటి మాటలకు ఆ గదిలో విలువ లేదు.

మిగతా మెరుగుదలకి కొత్త సామాను అక్కర్లేదు. ఆవిరి వదిలే వేడి బెడ్, పీల్చే చల్లని బెడ్ వంతులు మారే ముందు రెండింటినీ కొద్దిసేపు కలిపితే వేడి బెడ్ ఇంకాస్త ఖాళీ అవుతుంది, చల్లని బెడ్ ఇంకాస్త తాగుతుంది. ఆ తర్వాత వేడి బెడ్‌లోని నీళ్లను చల్లని బెడ్‌లోకి తిప్పితే వేడి కొంత మిగులుతుంది. వాల్వులు తెరిచే వరస మార్చడమే. బెడ్ మార్చే వ్యవధి సాగదీసి సీఓపీ ఘనంగా చూపించేవాళ్లని మాత్రం, కూలింగ్ ఎన్ని వాట్లకు పడిందో అడగండి.

మళ్లీ రివ్యూ మేలో పెట్టారు. మధ్యాహ్నం బెడ్‌నీ కండెన్సర్‌నీ చల్లబరిచే కూలింగ్ టవర్ నీళ్లు వేడెక్కితే సీఓపీ పడిపోతుంది. ట్యాంకులో ముందు రోజు కాగిన నీళ్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి, ఈసారి పొద్దున్నే పెట్టమని రాసిచ్చాను.