డబ్ల్యూహెచ్‌ఓ ఇంటర్న్‌షిప్: మొదటి వారంలోనే తేల్చుకోవాల్సిన పని

జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ప్రధాన కార్యాలయంలో ఇంటర్న్‌షిప్ అనగానే ఎంపిక ఎలా అవుతామనే అందరూ అడుగుతారు. అక్కడికెళ్లి ఏ పని పూర్తి చేసుకొస్తారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. దానికి జవాబు ఉంటే దరఖాస్తు రాయడం కూడా సులువవుతుంది.

అర్హతల సంగతి త్వరగా చెప్పేస్తాను. దరఖాస్తు నాటికి 20 ఏళ్లు నిండాలి. చేరేలోపు డిగ్రీ స్థాయిలో మూడేళ్ల చదువు పూర్తై ఉండాలి. చదువు ముగించినవారైతే ఆరు నెలల్లోపే మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ గానీ ఫ్రెంచ్ గానీ బాగా రావాలి. దరఖాస్తుకు సంస్థ ఒక్క పైసా కూడా తీసుకోదు. ఫీజు అడిగారంటే అది మోసమే.

ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే మోటివేషన్ లెటర్‌లో ‘ప్రపంచ ఆరోగ్యం మీద ఆసక్తి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మీరు చేరాలనుకునే విభాగం ఈమధ్య విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఒకటి చదవండి. అందులో ఆధారాలు ఎక్కడ బలహీనంగా ఉన్నాయో పట్టుకుని, ఆ పనిలో మీ చేతిలో ఉన్న నైపుణ్యం ఏమిటో రాయండి. వైద్య పరిశోధన పత్రాల డేటాబేస్ పబ్‌మెడ్‌లో సెర్చ్ కట్టగలరా, గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో డేటా శుభ్రం చేయగలరా, ఫ్రెంచ్ పత్రాలు చదవగలరా అన్నదే సూపర్‌వైజర్ చూసేది.

వ్యవధి 6 నుంచి 24 వారాలు. వీలుంటే 12 వారాలకు తగ్గకండి. బ్యాడ్జి, కంప్యూటర్ లాగిన్, షేర్డ్ ఫోల్డర్లకు అనుమతి, ఇవన్నీ కుదురుకునేసరికే మొదట్లో కొంత కాలం పోతుంది. ఆరు వారాలకే వెళ్తే పని అర్థమయ్యేసరికి టికెట్ తేదీ వచ్చేస్తుంది. ఏటా మేలో సంస్థ సభ్యదేశాల సమావేశం, ప్రపంచ ఆరోగ్య మహాసభ, జరుగుతుంది. ఆ రోజుల్లో మీ డ్రాఫ్టు చూసే తీరిక సీనియర్లకు దొరకదు. ముఖ్యమైన అభిప్రాయాలు కావాలంటే ఏప్రిల్‌లోనే తీసుకోండి.

డబ్బు విషయంలో పాత సమాచారం ఇంకా తిరుగుతోంది. 2018లో మహాసభ ఇంటర్న్‌షిప్ సంస్కరణలపై నిర్ణయం తీసుకుంది. 2020 నుంచి స్టైపెండ్ ఇస్తున్నారు. అంతకుముందు సొంత ఖర్చుతో బతకగలిగినవారికే ఈ అవకాశం అందేది, అది నిజంగా అన్యాయం. ఇప్పటికీ విమాన టికెట్ మీదే, వీసా పనీ మీరే చూసుకోవాలి. స్టైపెండ్ చేతికందేలోపు అద్దె కట్టాలి, పైగా స్విస్ చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దె వరకు అడగవచ్చు. అందుకే విద్యార్థి వసతి గృహాలకు ఎంపిక ఖరారైన రోజే రాయండి. సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో ఫెర్నే-వోల్టేర్ లాంటి చోట్ల అద్దె తక్కువ. కానీ యూరప్ పాస్‌పోర్టు లేనివారు స్విస్ పత్రాలతో అక్కడ నెలల తరబడి కాపురం పెట్టడం కుదరదు. దానికి ఫ్రాన్స్ దీర్ఘకాలిక వీసా వేరే ఉండాలి.

ఇక అసలు పని. ఇంటర్న్‌ల చేతికి తరచుగా వచ్చేది సాహిత్య సమీక్ష, అంటే ఒక అంశంపై ఇప్పటికే అచ్చయిన పరిశోధనలను వెతికి క్రోడీకరించడం. కౌమార ఆరోగ్యం మీద సమీక్ష ఇచ్చారనుకోండి. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో కౌమారం అంటే 10 నుంచి 19 ఏళ్లు. కానీ కొన్ని అధ్యయనాలు 15–24 అని వయసు తీసుకుంటాయి. వాటిని ఉంచాలా, తీసేయాలా? 15–19 వారి ఫలితాలు విడిగా ఇస్తే ఉంచుతామనో, మరోటో, నియమాన్ని స్క్రీనింగ్‌కు (ఏ పేపర్లు ఉంచాలో ఏరే పనికి) ముందే రాసి సూపర్‌వైజర్‌తో ఒప్పించుకోవాలి. తర్వాత ఒక 50 సారాంశాలను ఇద్దరూ విడివిడిగా చూసి పోల్చుకోండి. తేడాలు ఎక్కువగా వస్తే తప్పు మనుషులది కాదు, నియమం వదులుగా ఉందని అర్థం.

సెర్చ్ స్ట్రింగ్‌ను (వెతకడానికి వాడిన పదాల వరుసను), నడిపిన తేదీని, ప్రతి డేటాబేస్‌లో వచ్చిన సంఖ్యను అదే రోజు రాసిపెట్టుకోండి. సమీక్షలను ఎలా నివేదించాలో చెప్పే ప్రిస్మా ప్రమాణాలకు అవన్నీ కావాలి, సంఖ్యలు దాని ఫ్లో చిత్రంలోకి వెళ్తాయి. పూర్తి పేపర్ చదివి తిరస్కరించినప్పుడు కారణం కూడా అప్పుడే రాయాలి. లేకపోతే చివర్లో ఆ పేపర్లన్నీ మళ్లీ తెరవాల్సి వస్తుంది. ఎక్సెల్‌తో ఇంకో చిక్కు ఉంది: వయసు గడిలో 10-19 అని కొట్టగానే దాన్ని తేదీగా మార్చేస్తుంది. వరుసలు కలిపి క్రమబద్ధం చేశాక అసలు సంఖ్య ఏమిటో ఎవరికీ తెలియదు. డేటా ఎక్కించకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోండి.

మొదటి వారంలోనే సూపర్‌వైజర్‌తో కూర్చుని ఒక పేజీ రాసుకోండి: తుది రూపం ఏమిటి, ఎన్ని పేజీలు, మొదటి డ్రాఫ్టు ఎప్పుడు, ఎవరు చదువుతారు. నోటిమాట సరిపోదు. సూపర్‌వైజర్లు ప్రయాణాల్లో ఉంటారు, ప్రాధాన్యాలు మారతాయి, ఆ పేజీ లేనివాళ్లకు మీటింగుల నోట్సు, స్లైడ్ల సర్దుబాటు మాత్రమే మిగులుతాయి. ఆ పనులూ చేయాలి, కాదనకండి. కానీ వాటికోసమే అంత దూరం వెళ్లనక్కర్లేదు.

డబ్ల్యూహెచ్‌ఓ ప్రచురణ బయటికి రావాలంటే పైస్థాయి ఆమోదాలు దాటాలి, కాబట్టి మీరుండగా అచ్చవకపోవచ్చు. మీ పేరు రచయితల్లో ఉంటుందా, కృతజ్ఞతల్లోనా అన్నది డ్రాఫ్టు మొదలుపెట్టేటప్పుడే అడగండి, ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. అక్కడ చేసిన పని సంస్థదే అవుతుంది. థీసిస్‌లో ఆ డేటా వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ ఉత్తరాన్ని మీ సొంత ఈమెయిల్‌కు కూడా తెప్పించుకోండి, వచ్చేశాక ఆఫీసు ఖాతా తెరుచుకోదు.