నిడదవోలులో మా మండువా ఇల్లు: "పాత ఇల్లు కలదు" అన్న మాటకు వివరణ

మా తాతగారు 1958లో నిడదవోలులో కట్టించిన ఇంటిని అమ్మాలని అమ్మ, తమ్ముడు, నేను కలిసి మొన్న సంక్రాంతికి నిర్ణయించుకున్నాం. మధ్యవర్తిగా ఉన్న ఆయన మరునాడే ఫోనుల్లో పంపడానికి ఒక ప్రకటన తయారుచేసి మాకు చూపించారు. "12 సెంట్లు, తూర్పు ముఖం, స్టేషనుకు దగ్గర, మంచినీటి నుయ్యి, పాత ఇల్లు కలదు" అని ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చివరి మూడు మాటల దగ్గర నా మనసు ఆగిపోయింది. మామిడిచెట్టు కలదు, గేటు కలదు అన్నట్టుగా ఇల్లు కూడా కలదు. ఈ ఇంటిని నాన్నగారు ఒకసారి, నేను ఒకసారి బాగుచేయించాం. వాటిలో కొన్ని పనులు కలిసివచ్చాయి, కొన్ని పూర్తిగా చెడ్డాయి. కొనదలచినవారికి ఏది ఎలా ఉందో ముందే తెలియాలన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

ముందుగా ఊరి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంటికి ఉన్న మొదటి విలువ అది ఉన్న చోటు వల్ల వచ్చిందే. నిడదవోలు జంక్షను. చెన్నై, హౌరాల మధ్య నడిచే పెద్ద లైను మీద ఉంది, భీమవరం, నరసాపురం వైపు వెళ్ళే లైను ఇక్కడే చీలుతుంది. చాగల్లు, పశివేదల, కొవ్వూరు, గోదావరి స్టేషన్లు దాటితే రాజమండ్రి. ఇటు వెళితే తాడేపల్లిగూడెం, ఏలూరు. అందువల్ల ఇక్కడ నివాసం ఉంటూ ఉద్యోగానికి మరో ఊరు వెళ్ళివచ్చేవారు మా వీధిలో ఎప్పుడూ ఉన్నారు: ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, రైల్వేవారు, బట్టల దుకాణాల్లో పనిచేసేవారు. నేను కూడా రాజమండ్రిలోని ఒక కళాశాలలో పాఠాలు చెబుతూ 24 ఏళ్ళు సీజన్ టికెట్టు మీద తిరిగాను. ఇంటి నుంచి స్టేషనుకు పది నిమిషాల నడక. ఎక్స్‌ప్రెస్సులకు దారి ఇవ్వడానికి పాసింజరును ఎక్కడో ఒకచోట నిలబెట్టకపోతే ఇంటి గడప నుంచి రాజమండ్రి ప్లాట్‌ఫారానికి గంటకు మించి పట్టదు. నిలబెట్టడం అన్నది మాత్రం రోజూ ఉండేదే అనుకోండి. కోవిడ్ కాలంలో 2020 మార్చి నుంచి పాసింజర్లు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైనప్పుడు పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది, 2024లో గానీ పాత ధర తిరిగి రాలేదు. ఆ నాలుగేళ్ళు ఎలా గడిచాయో రోజూ ప్రయాణం చేసేవారికే తెలుసు. ఈ ఇల్లు కొని రాజమండ్రికి తిరుగుదామనుకునేవారు రైలును నమ్ముకోవచ్చు, కానీ ఒక స్కూటరు కూడా ఉంచుకోవడం మంచిది.

ఇక ఇల్లు. వీధి వైపు రెండు అరుగులు, వసారా, దాటగానే మండువా, అంటే పైకప్పు లేకుండా ఆకాశం కనిపించే నడిమి చోటు, దాని చుట్టూ నాలుగు వైపులా గదులు, వెనక వంటిల్లు, ఆపైన పెరడు. గోడలు 18 అంగుళాల మందం, గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవి. స్తంభాలు, దూలాలు టేకు. పైన బంగాళాపెంకు, వెనక వసారాకు ఇప్పటికీ గూనపెంకే ఉంది. తాతగారు ఇంటిని వీధి కంటే నాలుగు మెట్లు ఎత్తుకు లేపారు. ఎర్రకాలువ పొంగిన సంవత్సరాల్లో ఊరి బయట చేలు మునగడం, మా వీధిలోకి నీళ్ళు రావడం చూశాను గానీ, మూడో మెట్టు తడవడం నేను చూడలేదు. ఇప్పుడు అదే మెట్ల వల్ల అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. ఇల్లు అమ్మడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

నాన్నగారు 1996లో చేయించిన మార్పుల్లో పెద్దది గోడలకు సిమెంటు పూత. అప్పుడు అందరూ అదే చేస్తున్నారు. సున్నపు గోడ చేయి రాస్తే తెల్లగా అంటుతుంది, అక్కడక్కడా పెళ్ళలు రాలుతుంది, పిల్లల బట్టలకు మరకలు అవుతాయి. సిమెంటు పూసి ప్లాస్టిక్ రంగు వేశాక ఇల్లు అద్దంలా ఉందని చూసినవారందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి నేల నుంచి మూరెడు ఎత్తు వరకు గోడ చెమ్మగిల్లింది, తెల్లటి ఉప్పు పేలింది, రంగు బుడగలు కట్టి ఊడిపోయింది. నాన్నగారు దాని మీద మళ్ళీ సిమెంటు పూయించారు. ఈసారి చెమ్మ నడుము ఎత్తుకు ఎక్కింది.

కారణం నాకు చాలా ఏళ్ళ తరువాత ఒక పెద్ద మేస్త్రి చెబితే అర్థమైంది. ఇది డెల్టా నేల. కాలువల్లో నీరు, చేలల్లో నీరు ఉన్నంతకాలం భూమిలో తడి పైపైనే ఉంటుంది. పాత ఇళ్ళ పునాదుల్లో ఆ తడిని ఆపే అడ్డుపొర ఏదీ వేయలేదు కనుక ఇటుక దాన్ని పైకి పీలుస్తుంది. సున్నపు పూతకు సన్నని రంధ్రాలు ఉంటాయి, తడి వాటి గుండా ఎప్పటికప్పుడు గాలిలోకి ఆరిపోతుంది. గట్టి సిమెంటు ఆ దారిని మూసేస్తే తడి ఎక్కడ సందు దొరికితే అక్కడి దాకా గోడలోనే ఎక్కుతూపోతుంది, దానితోపాటు వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి దాన్ని ముందుకు తోసేస్తుంది. గోడ రోగం అనుకున్నది నిజానికి మందు వల్ల వచ్చింది. 2013లో నేను ఆ సిమెంటు అంతా చెక్కించి, ఒక వేసవి అంతా గోడలను ఆరనిచ్చి, నానబెట్టిన సున్నం, ఇసుక కలిపి రుబ్బించి, కరక్కాయ, బెల్లం నానవేసిన నీళ్ళతో తిరిగి పూత వేయించాను. రుబ్బడానికి ఎద్దుల గానుగ ఎక్కడా దొరకలేదు, మోటారుతో తిరిగే యంత్రంతోనే కానిచ్చాం. ఇప్పుడు గోడలు పొడిగా ఉన్నాయి, ఏటేటా సున్నం వేస్తే చాలు. దయచేసి వీటికి ప్లాస్టిక్ రంగు వేయకండి. ఇల్లు అమ్మేసిన తరువాత ఆ మాట అనే హక్కు నాకు ఉండదు కాబట్టి ఇప్పుడే అంటున్నాను.

స్నానాల గదుల విషయంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒకప్పుడు పెరట్లో చివర ఉండేవి, ఇప్పుడు రెండు పడకగదులకు ఆనుకుని లోపలే ఉన్నాయి. గొట్టాలను గోడల్లో దాచకుండా బయటనుంచే వేయించాను. చూడటానికి బాగుండదు, కానీ కారితే వెంటనే కనిపిస్తుంది. సెప్టిక్ ట్యాంకును నూతికి వీలైనంత దూరంగా వాయవ్యంలో కట్టించాం. చెక్కపట్టీల మీద నడిచే పాత వైరింగు మొత్తం తీసేసి కొత్తది వేయించాం, ఏసీల కోసం త్రీఫేజ్ మీటరు ఉంది.

మండువా దగ్గర మాత్రం నేను చేసిన పొరపాటు ఒప్పుకోవాలి. వాన జల్లు లోపలికి కొడుతోందని, కోతులు దిగుతున్నాయని, దొంగల భయం ఉందని అమ్మ అంటుంటే, పైన ఇనుప చట్రం కట్టించి ప్లాస్టిక్ రేకులు బిగించాను. వెలుగు వస్తుంది, వాన రాదు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ మే నెలలో ఇల్లు పొయ్యిలా కాలింది. వేడిగాలి పైకి పోయే దారి మండువాయే, అది మూసుకుపోయాక చుట్టూ ఉన్న గదుల్లోకి గాలి రావడమే మానేసింది. అరవై ఏళ్ళుగా ఏసీ అవసరం రాని ఇంట్లో ఏసీలు వచ్చింది ఆ వేసవిలోనే. మరుసటి ఏడాది రేకులు తీయించి చట్రం మీద ఇనుప జాలీ మాత్రం ఉంచాను. ఇప్పుడు వాన నేరుగా మండువాలో పడి తూము గుండా పెరట్లోకి పోతుంది. పెద్ద వానకు చుట్టూ వసారా అంచులు తడుస్తాయి. ఆ తడిని భరించలేని వారికి ఈ ఇల్లు నచ్చదు.

వంటిల్లు కూడా రెండుసార్లు మారింది. నిలబడి వండుకునే గట్టు, సింకు, చిమ్నీ పెట్టించి, కింద ప్లైవుడ్ అరలు బిగిస్తే రెండేళ్ళకే ఉబ్బి తలుపులు మూసుకోవడం మానేశాయి. ఇప్పుడున్నవి కడప రాతి అరలు, అల్యూమినియం తలుపులు. పాత అటకను మాత్రం అలాగే ఉంచాం, ఆవకాయ జాడీలకు అంతకంటే మంచి చోటు దొరకలేదు.

పైకప్పు గురించి దాచకుండా చెప్పాలి. పెంకుటిల్లుకు ఏటా వైశాఖంలో నలిగిన పెంకులు తీసి కొత్తవి సర్దించాలి. కోతుల మంద ఒకసారి పరుగెత్తిందంటే నలభై పెంకులు పోతాయి. పెంకు నేసే మనుషులు ఇప్పుడు మా ఊళ్ళో ఇద్దరే ఉన్నారు, వారిలో ఒకరికి డెబ్భై దాటాయి. వాసాల్లో చెదలు పట్టినవాటిని 2013లో మార్పించాను, దూలాలు మాత్రం మొదటివే, మేకు దిగనంత గట్టిగా ఉన్నాయి.

నుయ్యి ఈశాన్యంలో ఉంది. వాస్తు చూసేవారికి అది సంతోషం, నాకు నీళ్ళు ఉండటం సంతోషం. విజ్జేశ్వరం దగ్గర బ్యారేజీ నుంచి వచ్చే పశ్చిమ డెల్టా కాలువల్లో నీరు పారినంతకాలం నూతిలో నీరు చేతికి అందేటంత పైన ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక దిగిపోతుంది, తిరిగి వదిలిన కొద్ది రోజులకు పైకి వస్తుంది. పూర్తిగా ఎండిపోవడం నేను చూడలేదు.

కాగితాలు సరిగా ఉన్నాయి. స్థలం తాతగారు తన జీతంతో కొన్న స్వార్జితం, నాన్నగారి పేర రిజిస్టరు వీలునామా రాశారు. అయినా ఒక కొనుగోలుదారు తరఫు వకీలు మా మేనత్తలిద్దరి సంతకాలూ కావాలన్నారు. అడగడంలో తప్పు లేదని మా అత్తయ్యలే వచ్చి సాక్షి సంతకాలకు ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషను ఖర్చులు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రిజిస్ట్రారు కార్యాలయం స్థలానికి వేరుగా, కట్టడానికి వేరుగా, వయసును బట్టి తగ్గించి అయినా సరే, విలువ కడుతుంది. అంటే ప్రభుత్వం లెక్కలో ఇల్లు ఉంది, మధ్యవర్తి లెక్కలోనే లేదు. అమ్మకం మీద వచ్చే లాభానికి మేము కట్టవలసిన పన్నుకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ ఆధారం, ఆ తరువాత ఇంటిపై పెట్టిన ఖర్చుకు రుజువులు ఉంటే దాన్నీ కలుపుకోవచ్చు. 1996 నాటి సిమెంటు పూత ఖర్చును ఆ లెక్క ప్రకారం పన్ను శాఖ కూడా పట్టించుకోదు, అది న్యాయమే. సున్నం రుబ్బినవారు నాకు బిల్లు ఇవ్వలేదు, అదొక్కటే బాధ. సగం కాగితం మీద, సగం చేతికి అనే పద్ధతికి మేము ఒప్పుకోవడం లేదు. ఈ మాట విన్నాక ఇద్దరు మళ్ళీ ఫోను చేయలేదు.

ఇప్పటి వరకు చూడవచ్చినవారు తొమ్మిది మంది. వారిలో ఆరుగురు గేటు దగ్గర నిలబడి టేపు పెట్టి వీధి వైపు కొలతలు తీసుకుని వెళ్ళిపోయారు, లోపలికి రమ్మంటే "ఎందుకండీ, ఎలాగూ తీసేసేదే కదా" అన్నారు. ఒకాయన అయిదంతస్తుల అపార్టుమెంటు కడతానని, మాకు రెండు ఫ్లాట్లు ఇస్తానని చెప్పారు. ఆయన లెక్క తప్పు కాదు. 12 సెంట్లంటే 580 గజాల పైచిలుకు, స్టేషనుకు ఇంత దగ్గరలో అలాంటి స్థలం ఖాళీగా దొరకదు. దూలాలకు, తలుపులకు విడిగా బేరం పెట్టినవారు కూడా ఒకరు ఉన్నారు. వారికి టేకు విలువ తెలుసు, ఇంటి విలువ అక్కర్లేదు.

గడప దాటి లోపలికి వచ్చినది ఒకే ఒక్క జంట. ఆయన రైల్వేలో, ఆవిడ తాడేపల్లిగూడెంలో ఉపాధ్యాయిని. ఆవిడ అమ్మను అడిగిన మొదటి ప్రశ్న, "పిన్నిగారూ, వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తారండీ?" అని. అమ్మ లేచి వెనక వసారాలో దండేలు చూపించి, అటునుంచి అటే వంటిల్లు, నుయ్యి, కరివేపాకు చెట్టు అన్నీ తిప్పి చూపించింది, మెట్ల సంగతి మరిచిపోయినట్టుంది. ఆయన చెమ్మ ఉందా అని గోడ కింది భాగాన్ని అరచేత్తో తట్టి చూశారు. సిమెంటు కథంతా చెప్పాను. వారు ఇవ్వగలిగేది అపార్టుమెంటు ఆయన చెప్పినదానికంటే తక్కువ. ఎంత వరకు తగ్గగలమో తమ్ముడితో మాట్లాడుతున్నాం. వాడు హైదరాబాదులో అప్పు మీద ఇల్లు కొన్నాడు, వాడి వైపు లెక్కలను తేలిగ్గా తీసేయలేను.

ఆ జంట వచ్చే ఆదివారం ఒక మేస్త్రిని వెంటబెట్టుకుని మళ్ళీ వస్తామన్నారు. వారు వచ్చేలోపు వంటింటి మీద నలిగిన పెంకులు మార్పిద్దామా అని మధ్యవర్తి అడిగారు. వద్దన్నాను, మేస్త్రి ఎక్కి ఉన్నది ఉన్నట్టుగా చూడటమే మంచిది. పెరట్లో గోడ వారగా పాత బంగాళాపెంకులు రెండు వందల దాకా పేర్చి ఉన్నాయి. ఇప్పుడు ఆ అచ్చు దొరకదు. ఇల్లు ఎవరు కొన్నా వాటిని ఇంటితోపాటే ఇస్తాం.