తలుపు వెనక రాతలు

చిత్రిక పడితే పోతాయట. పొద్దున్నుంచి ఆ ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. పదకొండు దాటింది. అత్తమ్మ పడుకుంది, మా ఆయన పెరట్లో మంచం వాల్చుకుని ఎప్పుడో నిద్రపోయారు. రోహిణి కార్తె ఉక్క ఒకపక్క, ఈ కోపం ఒకపక్క. నాకు మాత్రం కన్ను మూతపడటం లేదు.

ఆ మనిషిని పంపింది మరిదే. వస్తున్నాడని మా ఆయనకి ముందే తెలుసు. నేనేమంటానో కూడా తెలుసు కాబట్టి చెప్పలేదు. పాత ఇళ్ళ కలప కొనే వ్యాపారి, వెంట టేపు పట్టుకుని ఒక కుర్రాడు. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చాను, కుర్చీ వేశాను. అతను కూర్చోలేదు. వీధి గుమ్మం దగ్గరే నిలబడి ద్వారబంధాన్ని వేలి కణుపులతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. గోరుతో గీరి వాసన చూశాడు. గడప కొలిచాడు, తలుపు రెక్కలు కొలిచాడు, ఇత్తడి గొళ్ళేన్ని చేత్తో ఎత్తి బరువు అంచనా కట్టాడు. మండువా స్తంభాలకి ఒక రేటు, వంటింటి దూలానికి ఒక రేటు. పెరట్లో రుబ్బురోలు దగ్గరికి కూడా వెళ్ళాడు. హోటళ్ళ వాళ్ళు ముందర పెట్టుకుని పూలు పోస్తున్నారట, దానికీ గిరాకీ ఉందట. మా ఆయన పక్కనే తిరుగుతూ "మరి దీనికెంతిస్తావు?" అని అడుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనభయ్యో పడిలో ఉన్న తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడ వినేలా ఇంటిని ముక్కలు ముక్కలుగా వేలం వేయాలా?

చివరికి తలుపు మూసి వెనకవైపు చూశాడు. "ఈ గీతలేంటమ్మగారూ? పెన్సిలా? పర్లేదులెండి, చిత్రిక పడితే పోతాయి. వీటి గురించి నేనేం రేటు తగ్గించను." 

తగ్గించడట! మేలు చేస్తున్నట్టు చెప్పాడు.

ఆ గీతలు మా మావయ్యగారి నాన్నగారి రాతలు. తలుపు వేస్తే తప్ప కనబడవు, పగలంతా తలుపు తీసే ఉంటుంది కాబట్టి ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా తెలియవు. కుడి రెక్క వెనక, నిలబడితే కళ్ళకి ఎదురుగా, వడ్రంగి పెన్సిలుతో రాసిన లెక్కలు. అంకెలన్నీ తెలుగు అంకెలే. "ధాత. పెద్ద మడి ౩ పుట్లు" అని ఒకచోట ఉంటుంది. ధాత అంటే 1936-37. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి అటు వెళ్ళింది, దాంతో పాటు మేమూ వెళ్ళాం. ఎంత గొడవ జరిగి ఉంటుంది! తాతగారి తలుపు మీద మాత్రం పెద్ద మడిలో పండిన వడ్లే ఉన్నాయి. దాని కింద "నల్లావు ఈనింది. పెయ్య." ఇంకా కింద "చిన్నది అత్తారింటికి. రైలు గంట లేటు." నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పడిన చిన్న రైలు అది, తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. కూతుర్ని అత్తారింటికి పంపి వచ్చిన తండ్రి ఇంకేమీ రాయలేక రైలు లేటైన సంగతి రాశాడు. ఆ లైను చదివినప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టరుగా పనిచేసిన ఊరు మాకు దగ్గరే. ఆయన నోటి మాటలోనే రాయమని పోరాడుతున్న కాలపు మనిషి మా తాతగారు, ఎలా మాట్లాడేవారో అలాగే రాసుకున్నారు.

మా పిల్లలిద్దరూ ఒడియా మీడియంలో చదివారు. చిన్నోడు కూడబలుక్కుని తెలుగు చదువుతాడు కానీ ఆ అంకెలు గుర్తుపట్టలేడు. వాడికి ఒకసారి వరసగా చూపించి చదివించాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. వాడి కన్నా ముందు టేపు పట్టుకుని ఈ మనిషి వచ్చాడు.

అసలు ఈ వారమంతా ఇల్లు నా మీద ఎంత దయగా ఉందో. మొన్న గడప పక్కన సందులో మట్టి గీరుతుంటే చిల్లు కానీ దొరికింది. చింతపండు పెట్టి తోమితే 1944 అని కనబడింది. ఒకవైపు కిరీటం, రెండో వైపు ఆకుల తీగ, మధ్యలో నా చిటికెన వేలు గోరంత చిల్లు. యుద్ధం రోజుల్లో రాగి పొదుపు చేయడానికి అలా చిల్లుతో కొట్టారు. రూపాయికి 64 వచ్చేవి. ఏ పసివాడి మొలతాడు నుంచి జారిపడిందో! అత్తమ్మ చేతిలో పెడితే చిల్లులోంచి నన్ను చూసి నవ్వింది. ఇక పడమటి గదిలో గాజు పెంకు. ఈ రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కదా, మధ్యాహ్నం ఆ పెంకులోంచి రూపాయి బిళ్ళంత వెలుగు నేల మీద పడుతుంది. అందులో దుమ్ము మెల్లగా తిరుగుతూ ఉంటుంది. వెలుగు గాదె పెట్టె అంచు తాకిందంటే అన్నం వార్చే వేళ దాటిందని అత్తమ్మ లెక్క, ఇప్పటికీ గడియారం చూడదు. అది చూస్తూ బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే నాకు ఇంకేం అక్కర్లేదనిపిస్తుంది.

ఇవన్నీ మరిదికి చెబితే "వదినా, నువ్వు కథలు చెప్పకు, స్లాబ్ వేయించుకుని సుఖంగా ఉండండి" అంటాడు. సాయంత్రం ఫోన్‌లో అదే అన్నాడు. కలప డబ్బుతో సిమెంటు, ఇనుము వచ్చేస్తాయట, మిగతాది తను పెడతాడట. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి వాడు ఈ ఇంట్లో లేడు. ఉంటే ఆ తలుపు గురించి అలా మాట్లాడేవాడు కాదు.

2018 అక్టోబరు 10, నవరాత్రులు మొదలైన రోజు. చిన్నోడు సెలవులకి వచ్చి ఉన్నాడు. సాయంత్రం నుంచే కొబ్బరి చెట్లు ఒక రకంగా ఊగుతున్నాయి. కరెంటు పోయింది. దూడని కూడా లోపలికి తెచ్చి మండువాలో కట్టేశాం. అర్ధరాత్రి దాటాక గాలి అరుపు మొదలైంది. పైన పెంకులు ఒక్కొక్కటే లేచి, వరసగా పరిగెత్తుతున్న చప్పుడు. తర్వాత పెరట్లో పడి పగిలిన చప్పుడు. వీధి తలుపు లోపలికి ఉబికింది. అడ్డగడియ వేసి ఉంది, అయినా మా ఆయన, చిన్నోడు కలిసి గాదె పెట్టె జరిపి దానికి ఆనించారు. నేను, అత్తమ్మ ఆ పెట్టెకి వీపు ఆనించి కూర్చున్నాం. గాలి తోసినప్పుడల్లా తలుపు, పెట్టె, మా వీపులు అన్నీ కలిసి కదిలేవి. అత్తమ్మ మహేంద్రగిరి మీది దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిందని తర్వాత తెలిసింది, 140 కిలోమీటర్ల పైనే గాలి. దాని తర్వాత వాన. మహేంద్రతనయ పొంగింది, వంశధార పొంగింది. మా జిల్లాలోనే బరఘర దగ్గర తలదాచుకున్న వాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. ఆ కబురు విన్నాక మా ఇంటి నష్టం గురించి మాట్లాడటానికి నోరు రాలేదు.

తలుపు మాత్రం విరగలేదు. బీట కూడా వేయలేదు.

ఇందాక అత్తమ్మకి గంజి పోసి ఇస్తూ ఇదంతా మళ్ళీ ఎత్తాను. "ఆ రాత్రి మనల్ని కాపాడిన తలుపు కదా అత్తమ్మా, ఎలా అమ్ముతారు?" అన్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టి, "తలుపు నిలబడిందే, కప్పు నిలబడిందా?" అంది.

ఏం చెప్పను? కప్పు సగం పోయింది. ఏడాది తిండి గింజలు తడిసి మొలకెత్తాయి. నాటు పెంకులు కాల్చే కుమ్మరులు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. పై ఊళ్ళో ఎవరో ఇల్లు పడగొడుతుంటే ఆ పాత పెంకులు కొని తెచ్చి నేయించాం. వాటి వంపు వేరు, మా వాటి వంపు వేరు. రెండూ కలిసే చోటే పడమటి గది. ఎన్నిసార్లు సర్దించినా వాన పడితే అక్కడ కారుతుంది. కోతులు ఎక్కి తొక్కితే ఇంకో రెండు చోట్ల. అత్తమ్మ మంచం ఉన్నది ఆ గదిలోనే. వానాకాలం రాత్రుళ్ళు ఆవిడ తనే లేచి మంచం లాక్కుని, కారే చోట గిన్నె పెట్టుకుని, మమ్మల్ని లేపకుండా పడుకుంటుంది. ఏ మధ్యాహ్నమో పడే వెలుగు బిళ్ళ చూసి నేను మురిసిపోతాను. అదే కప్పు కింద ఆవిడ నిద్ర చెడిపోతోంది.

"తాతగారి రాతలమ్మా" అన్నాను, ఊరుకోలేక. అత్తమ్మకి నవ్వొచ్చింది. "నల్లావు ఈనిందని రాశారు సరే, పాలు పితికిందెవరో రాశారా?" అంది. నన్ను లేవమని చెప్పి, తలుపు వేయించి, టార్చి కింద భాగం మీద వేయమంది. మోకాలి ఎత్తులో, అడుగు చెక్క మీద, తెల్లటి చుక్కలు. సున్నం వేసినప్పుడు చిందిన మరకలని అందరం అనుకునేవాళ్ళం. దగ్గరికి పెట్టి చూస్తే వరసలు. ఏడేసి చుక్కలు, పక్కన చిన్న గీత, మళ్ళీ ఏడు. "అవి మా అత్త పెట్టినవి. తమలపాకుకి రాసే సున్నం వేలితో అద్దేది. వాడకం పాలు పోసిన లెక్క. మానికకి చుక్క, తవ్వకి గీత. లక్ష్మివారం డబ్బులు తెచ్చేవారు." ఆవిడకి రాయడం రాదట. పాల చెంబు పక్కన పెట్టుకుని గడప మీద కూర్చునేదట, అందుకే చుక్కలు అంత కిందుగా ఉన్నాయి. ఒక చుక్కలో వేలి గీతలు కూడా తెలుస్తున్నాయి. టార్చి వంచి వేస్తే సన్నటి ముడతలు, ముగ్గు పిండిలో వేలు అద్దినట్టు. నేను చాలాసేపు అక్కడే గొంతుకూర్చుని ఉండిపోయాను. ఈ చుక్కలకీ ఆ వ్యాపారి దగ్గర చిత్రికే మందు.

అత్తమ్మ మాత్రం లేచి వెళ్ళిపోతూ "ఉంచితే ఉంచండి, తీస్తే తీయండి, నాకు మాత్రం కారని కప్పు కావాలి" అంది. అత్తగారి వేలి గుర్తులు చూపించిన నోటితోనే అంది.

పొద్దున నాకున్న పట్టుదల ఇప్పుడు అలాగే లేదు. ఇల్లు ఇల్లంతా ఉన్నది ఉన్నట్టు ఉంచాలని మరిదితో ఇన్నేళ్ళుగా వాదిస్తున్నాను. పడమటి గది విషయంలో ఇక వాదించను. ఆ గదికి స్లాబ్ వేయాల్సిందే. అత్తమ్మ ఇంకో వానాకాలం గిన్నెలు పెట్టుకుని పడుకోకూడదు. గాజు పెంకు జాగ్రత్తగా తీయించి వంటింటి పెంకుల్లోకి మారుస్తాను, దక్షిణం వాలులో పెడితే అక్కడా ఎండ పడుతుంది. వీధి గుమ్మం, తలుపు, మండువా స్తంభాలు అమ్మేది లేదు, ఈ విషయంలో మరిది ఎన్ని చెప్పినా వినను. రుబ్బురోలు పోతే పోనీ అని కూడా ఒక క్షణం అనిపించింది. వద్దు, సంక్రాంతికి గారెల పిండి దాంట్లోనే రుబ్బుతాం.

కలప అమ్మకపోతే డబ్బెక్కడిది అంటాడు మరిది. ఈసారి జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఉంది, ఒక్క గదే కాబట్టి సగం దాంతో గడుస్తుంది. మిగతా సగం తమ్ముడూ అన్నా పంచుకోవాలి, తల్లి పడుకునే గది కదా. మృగశిర వచ్చేలోపు మొదలుపెట్టకపోతే వానలు పట్టుకుంటాయి. స్లాబ్ పోశాక సెంట్రింగ్ విప్పడానికే రెండు వారాలు ఆగాలి, అంతవరకు అత్తమ్మ మంచం మండువాలో వేయాలి. పాతపట్నం మేస్త్రీ లక్ష్మివారం ఇటు వస్తానన్నాడు. మరిదికి ఇదంతా మెసేజ్ రాసి పెట్టాను. పంపితే ఈ అర్ధరాత్రి ఫోన్ చేసి మొదలుపెడతాడు, అందుకే పొద్దున్నే పంపుతాను. ముందు మా ఆయనకి చెప్పాలి. "దీనికెంతిస్తావు" అని అడిగిన మనిషి ఏమంటారో చూడాలి.