అనంతగిరి ఘాటులో పాత బుల్లెట్లు, రెండు రకాల ఆయిళ్లు

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లేటప్పుడు శృంగవరపుకోట దాటేవరకు ఏ ఆయిలు పోసినా బండికి పెద్ద తేడా తెలియదు. ఆ తర్వాత వచ్చే అనంతగిరి ఘాటులో, అదీ ఏప్రిల్ ఎండలో, పోతఇనుప బ్యారెలు (సిలిండరు) ఉన్న పాత 350 సీసీ బుల్లెట్టు బండికి అసలు పరీక్ష మొదలవుతుంది. ముందు ఆర్టీసీ బస్సు పొగ కక్కుతూ ఎక్కుతుంటే, నేనూ మా మిత్రుడూ వెనకే రెండో గేరులో నెమ్మదిగా సాగవలసి వచ్చింది. గాలితోనే చల్లబడవలసిన ఇంజనుకు అక్కడ ఆ గాలే కరువు. వేడిని మోసుకుపోయే భారం ఆయిలు మీద మరింత పడుతుంది.

నా బండిలో ముడిచమురు నుంచి తీసే మామూలు మినరల్ ఆయిలు, 20డబ్ల్యూ-50 అనే చిక్కదనపు గ్రేడుది. అతని బండిలో అదే గ్రేడు సింథటిక్, అంటే రసాయనికంగా తయారుచేసినది. పాత ఇంజన్లలో సింథటిక్ పోస్తే కారుతుందని చాలామంది అంటారు. టైడా దగ్గర టీకి ఆగినప్పుడు అతని బండి ట్యాపెట్ కవరు (ఇంజను పక్కనుండే మూత) అంచున ఆయిలు చెమర్చి, దుమ్ము పట్టి నల్లగా కనిపించింది.

"సింథటిక్ వద్దురా అంటే విన్నావా?" అన్నాను.

"ఇది మినరల్ పోసినప్పుడూ కారేది. మూత కింది గ్యాస్కెట్ ఎండిపోతే ఆయిల్ని తిట్టి ఏం లాభం?" అన్నాడు.

అతని మాటలో నిజముంది. సింథటిక్ దానంతట అది కొత్త సందులు చేయదు. ఉన్న సందులను దాచదంతే. విపరీతమైన వేడికి అది మినరల్ కన్నా నిదానంగా పాడవుతుంది కాబట్టి, ఇలాంటి ఎక్కుడులో ఆ గుణం పనికొచ్చేదే. అయితే ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుందన్న ఆశతో పాత బుల్లెట్టులో పోయడం నాకు దండగనిపిస్తుంది. పిస్టన్ రింగులు దాటి దిగే మసి, కార్బురేటరు నుంచి జారే పెట్రోలు ఏ ఆయిలునైనా చెడగొడతాయి. ఖరీదైనదైనా త్వరగా మార్చక తప్పదు.

అరకులో మర్నాడు ఉదయం ఇద్దరి డిప్‌స్టిక్‌లూ (ఆయిలు మట్టం చూసే కడ్డీలు) ఆయిలు తగ్గినట్టే చూపాయి. రాత్రి నిలిపి ఉంచిన బండిలో ఇంజనులోనే ఉండే ఆయిలు ట్యాంకు నుంచి ఆయిలు, పంపు సందుల గుండా క్రాంకు తిరిగే గదిలోకి (క్రాంక్‌కేసు) దిగిపోతుంది. తగ్గిందని తొందరపడి పోస్తే తర్వాత ఇంజనులోని గాలి బయటకు పోయే బ్రీదరు పైపు నుంచి కక్కుతుంది. కొన్ని నిమిషాలు ఇంజను నడిపి చూస్తే మట్టం యథాస్థానానికి వచ్చింది, రెండింటిలోనూ.

తిరుగు ప్రయాణానికి ముందే మిత్రుడు గ్యాస్కెట్లు మార్చి సింథటిక్కే కొనసాగిస్తానన్నాడు. నేను మాత్రం మినరల్‌తోనే ఉండి, త్వరత్వరగా మార్చుకుంటాను.